మిద్దె మీద బాకా

మా తమ్ముడి మనవడికి ఈమధ్య కర్నూల్లో ఉద్యోగం వచ్చింది. మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక గది అద్దెకు తీసుకున్నాడు. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. మంచం వేస్తే కాలు పెట్టడానికి మూరెడు జాగా మిగులుతుంది. అందులో పాటలు వినడానికి స్పీకర్లు కొనాలని పదకొండు రోజులు ఫోనులో తల దూర్చి కూర్చున్నాడు. ఎవరెవరో ముక్కూముఖం తెలియని వాళ్ళు రాసినవన్నీ చదివి నాకు వినిపించేవాడు. తక్కువలో మంచివి కావాలంట. పెళ్ళిచూపులకు కూడా మా ఇంట్లో ఎవరూ ఇంత విచారణ చేయలేదు. చివరికి కొన్నాడు, చూద్దువుగాని రమ్మని నన్ను తీసుకుపోయాడు. మోకాలెత్తు డబ్బాలు రెండు, మంచం కింద ఇంకొకటి. ఏదో నొక్కాడు. కిటికీ రెక్కలు టపటపా కొట్టుకున్నాయి. నా కడుపులో తిన్న ఇడ్లీ కదిలింది. "ఎట్లుందవ్వా?" అన్నాడు. "పాట యాడుండాదిరా?" అన్నాను. వాడికి కోపం రాలేదు. "కింద షాపు దాకా ఇనపడతాదవ్వా" అన్నాడు గర్వంగా. కింద షాపులో సిమెంటు అమ్ముతారు. సిమెంటు బస్తాలకు పాటలు వినిపించడానికి వీడు పదకొండు రోజులు చదివాడన్నమాట. వాణ్ణి అనుకొని ఏం లాభం. 'ఎంత దూరం ఇనపడతాది' అన్న మాట వాడు పుట్టించింది కాదు. అది మా నాయన సొత్తు, వారసత్వంగా వచ్చింది.

మాది కమలాపురం దగ్గర పల్లె. మా నాయన కడపలో ఒక ఇల్లు కొన్నాడు. పిల్లల చదువుల కోసమని అందరికీ చెప్పుకునేవాడు. నేను ఎన్నో తరగతిలో ఉన్నానో ఆయనకు ఏనాడూ తెలియదు. పల్లెలో బావి గురించి నడిచే కోర్టు వాజ్యం ఎన్నో వాయిదాకు వచ్చిందో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. ఆ వాజ్యం ఎదురింటి వాళ్ళతోనే. ఎదురింటాయన మా నాయనకు పెదనాన్న కొడుకు, వరసకు నాకు పెద్దనాయన. ఆయన కడపలో ఇల్లు కొన్నాడని తెలిసిన నెలకే మా నాయన వీధికి ఈ పక్క ఇల్లు కొన్నాడు. ఇద్దరికీ మాటల్లేవు గాని ఒకరి మొహం ఒకరు చూడకుండా ఒక్క పూట గడవదు. పొద్దున్నే అమ్మ జొన్నరొట్టెలు తట్టే చప్పుడు వినిపించేసరికి మా నాయన చుట్ట వెలిగించి అరుగు మీద కూర్చునేవాడు. ఎదురింటి అరుగు మీద పెద్దనాయన తువ్వాలు దులిపి కూర్చునేవాడు. ఆయన తలుపుకు రంగు వేయిస్తే ఈయన తలుపునే మార్పించాడు. ఆయన ఇంట్లో గడియారం గంటకొకసారి కొడితే ఈయన అరగంటకు కూడా కొట్టేది తెచ్చాడు. ఇంట్లో ఎవరికీ టైముతో పని లేదు. గడియారం కిందనే నిలబడి మా నాయన నీడ చూసి పొద్దు చెప్పేవాడు.

మా ఇంటి వెనక వంటింటిని ఆనుకొని ఒక చిన్న గది. అంతకుముందు అందులో కట్టెలు, వేరుశనగ చెక్క వేసేవాళ్ళు. నేలా నాపబండలే, గోడలూ నాపబండలే. కడపలో మట్టికంటే బండలు చవక. అందులో మా అత్త ఉండేది. మా నాయనకు అక్క, పేరు ఓబుళమ్మ. వేరుశనగ కాయల బండి మీదనుంచి పడి తుంటి విరిగింది. పుత్తూరు కట్టు కట్టించినా లాభం లేకపోయింది. మొగుడు మూడు నెలలు చూసి, బండెక్కించి పుట్టింటికి పంపాడు, తర్వాత వేరే పెళ్ళి చేసుకున్నాడు. అత్త పడుకునే ఉండేది. ఆముదం వాసన, వేపాకు పొగ వాసన, గోడలోంచి ఇంకా పోని వేరుశనగ చెక్క వాసన. ఎవరి మీదా ఒక్క చాడీ చెప్పేది కాదు, అందుకే ఎవరూ ఎక్కువసేపు ఆమె దగ్గర కూర్చునేవాళ్ళు కాదు. మా ఇంట్లో చాడీ లేని మాటకు రుచి ఉండేది కాదు.

ఆమెకు ఒకటే కోరిక. చిన్నప్పుడు రాజంపేటలో ఎవరి పెళ్ళిలోనో ఫిడేలు కచేరి జరిగింది. మగవాళ్ళు పందిట్లో కూర్చున్నారు. ఆడవాళ్ళను లోపల గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేశారు. మా అత్త తలుపు సందుకు చెవి పెట్టి సగం వినింది. అంతలో అన్నం వడ్డించడానికి పిలిచారు. ఆ మిగిలిన సగం ఆమెకు ముప్పై ఏళ్ళయినా తీరలేదు. "ఆయప్ప ఒక సోట పైకి పోయినాడు పాపా, శానా పైకి. కిందికి ఎట్ల దిగినాడో నేను ఇనలేదు" అని నాతో ఎన్నిసార్లు చెప్పిందో.

రేడియో ఎదురింట్లోకి ముందు వచ్చింది. ఇక మా నాయన అన్నం ముట్టితే ఒట్టు. ఆ ఏడు పంట లేదు, చేతిలో ఏమీ లేదు. అప్పుడు అత్త తన వెండి వడ్డాణం తీసి ఇచ్చింది. "సెట్టు మీ సావిట్లోనే పెట్టుకోప్పా. మగోళ్ళు వచ్చి పొయ్యే తావ. నా గదిలోకి సప్పుడు మాత్రం వచ్చేతట్టు చెయ్యి. శనివారం సాయంత్రం మద్రాసు నుంచి ఫిడేలు వస్తాదంట" అనింది. మా నాయన సరేనన్నాడు. మంచాన్నే సావిట్లోకి తెస్తే పోయేది కదా అంటారేమో. మగవాళ్ళు కూర్చునే చోట ఆడమనిషి పడుకొని ఉండడమా. మా ఇంటి మర్యాద అటువంటిది. మంచాన పడిన అక్క వడ్డాణం అమ్ముకోవడానికి మాత్రం ఆ మర్యాద అడ్డం రాలేదు.

రేడియో కొన్నాక దాని వెనక రెండు తీగలు తగిలించి ఇంకో స్పీకరు పెట్టుకోవచ్చని తెలిసింది. అది కొనడానికి స్టేషను రోడ్డులో రేడియోలు బాగుచేసే మస్తాన్ మామ అంగడికి పోయాం. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. సెట్టు మీద ఇంగ్లీషు అక్షరాలు చదవగలనని మా నాయన నన్ను వెంట తీసుకుపోయాడు. ఇంకొకడు కూడా వచ్చాడు, చెన్నప్ప. ఎద్దుల బేరాలు కుదిర్చేవాడు. మా నాయన ఏది కొన్నా ఎద్దును కొన్నట్టే కొనేవాడు కాబట్టి చెన్నప్ప లేనిదే అంగడి గడప తొక్కేవాడు కాదు.

మంచాన ఉన్న అక్క నాపబండల గదికని మా నాయన చెబితే, మస్తాన్ మామ బల్ల మీద మూడు పెట్టాడు. ఒకటి అరచేయంత కాగితపు స్పీకరు, ఒట్టిదే. ఒకటి చెక్కపెట్టెలో బిగించింది. మూడోది పెళ్ళిళ్ళలో చెట్టుకు కట్టే బాకా, తళతళా మెరుస్తోంది. మా నాయన చిన్నదాన్ని చేత్తో ఎత్తి చూసి, తూకం లేదని కింద పెట్టాడు. బాకాను వేలితో కొట్టి చూశాడు. పళ్ళుంటే అవి కూడా లెక్కపెట్టేవాడే.

"గది ఎంత ఉంటాది రెడ్డీ?" అని అడిగాడు మస్తాన్ మామ.

"గదితో నీకేం పనప్పా. ఇది ఎంత దూరం ఇనపడతాదో చెప్పు."

"ఆయమ్మ మంచానికి అది మూరెడు దూరంలో ఉంటాది. మూరెడు దూరం ఇనపడితే సాలు గదా. చిన్న గదికి చిన్నదే బాగుంటాది. అందులోనా నాపబండల గది అంటాండావు. పెద్దది పెడితే సప్పుడు గోడకు తగిలి మళ్ళీ ఆయమ్మ మీదనే పడతాది. ఈ చిన్నది తీసుకో, మూలలో పెట్టొద్దు, ఎదురు గోడకు ఒక బొంత వేలాడదియ్యి. పక్కన కూసోని పాడినట్టుంటాది."

అంత తక్కువ ధరకు అంత మంచి సలహా కడపలో ఆ రోజు ఇంకెవరికీ దొరికి ఉండదు. ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి. మా నాయన చెన్నప్ప వైపు చూశాడు. పరీక్ష మొదలైంది. మస్తాన్ మామ ఒక్కొక్కటి తగిలించి పాట పెట్టడం, చెన్నప్ప రోడ్డు వెంబడి నడుచుకుంటూ పోవడం, వినపడినంత దూరం తలపైన తువ్వాలు ఊపడం. చిన్న స్పీకరుకు తువ్వాలు వక్కాకు అంగడి దగ్గరే ఆగిపోయింది. పెట్టెది ఇంకో నాలుగంగళ్ళు పోయింది. బాకా తగిలించాక చెన్నప్ప పోతానే ఉన్నాడు. రైలు గేటు దగ్గర చీమంత మనిషి తువ్వాలు ఊపుతుంటే మా నాయన కళ్ళు చెమర్చాయి. నేను పుట్టినప్పుడు కూడా ఆ కళ్ళు అట్లా చెమర్చి ఉండవు. ఇంతకూ ఆ బాకాలో వచ్చేది పాటో, పందుల అరుపో మా ముగ్గురిలో ఒక్కరూ పట్టించుకోలేదు. ముగ్గురు అంటున్నాను, నన్నూ కలిపే.

తర్వాత చెన్నప్ప తిరిగి వచ్చి, బేరానికని మస్తాన్ మామ చేతిని తువ్వాలు కిందికి లాక్కున్నాడు. ఎద్దుల సంతలో అంతే, ధర నోటితో చెప్పరు, గుడ్డ కింద వేళ్ళు పట్టి చెప్పుకుంటారు. మస్తాన్ మామ చెయ్యి వెనక్కి తీసుకొని, "నా తావ ధర ఒకటే. అయినా అమ్మేది పనికొచ్చేదాన్ని అమ్మితే నాకు నిద్రపడతాది. బాకా మిద్దె మీద పెట్టుకునేది రెడ్డీ, గదిలోకి కాదు" అన్నాడు.

"మిద్దె మీదనే పెడతా. తలమీద పడిన వాన కాళ్ళకు రాదా?" అన్నాడు మా నాయన.

పెట్టాడు. నోరు ఎదురింటి వైపు, వీపు అత్త గది వైపు. మొదటి రోజు సాయంత్రం బాకా మోగగానే పెద్దనాయన లేచి కిటికీలు మూసుకున్నాడు. మా నాయనకు అంతకంటే ఏ పాటా అక్కరలేదు. రేడియో మోగినంతసేపూ ఆయన అరుగు మీద గోడకానుకొని నోరు తెరుచుకొని నిద్రపోయేవాడు. ఆపితే మేలుకునేవాడు. అత్త గదిలోకి వచ్చేది పాట వీపు. చిల్లి చాటలో గింజలు గలకరించినట్టు ఏదో చప్పుడు, దాని మీద బండలు చేసే రొద. ఒకరోజు నేను గంజి తీసుకుపోతే అత్త పైకప్పు చూస్తూ, "బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత అంటే ఇదే పాపా" అని నవ్వింది. ఆ నవ్వు కూడా ఎవరినీ అన్నట్టుండదు. అందుకే దాన్ని ఎవరూ లెక్కచేయలేదు.

నిజానికి లెక్కచేసింది మస్తాన్ మామ ఒక్కడే. గాలికి తీగ తెగితే అతకడానికి వచ్చి, అత్త గదిలో రెండు నిమిషాలు నిలబడి విన్నాడు. మరుసటి రోజు ఆ అరచేయంత కాగితపు స్పీకరు తెచ్చాడు. ధర అడిగితే తర్వాత చూద్దాంలే అన్నాడు. వంటింట్లో ఉన్న కుండల మూతులన్నీ నాలుగువేళ్ళ బెత్తెతో కొలిచి, పాత నీళ్ళకుండ ఒకటి ఎంచి, దాని మూతి మీద స్పీకరును బోర్లించి, అంచుకు గుడ్డపేలిక చుట్టి బిగించాడు. అమ్మ చేత ఎదురు గోడకు బొంత కట్టించాడు. సెట్టుకు రెండింటినీ ఒకేసారి మోగించే బలం లేదని సావిట్లో గోడకు ఒక మీట బిగించాడు. పైకి తిప్పితే మిద్దె మీద బాకా, కిందికి తిప్పితే అత్త కుండ. తిప్పడం నా పని. ఆ సమయానికి రేడియోలో ఎవరో చీడపురుగుల మందు గురించి చెప్తున్నారు. అత్త ఊపిరి బిగబట్టి వినింది. "ఆయప్ప నా మంచంపట్టె మీద కూసోని మాట్లాడతాండాడు" అనింది. ఆమె మంచంపట్టె మీద కూర్చొని ఎవరైనా మాట్లాడి ఎన్నేళ్ళయిందో నాకు తెలుసు. మస్తాన్ మామ బయటికి వచ్చి వంటింటి గడప మీద కూర్చొని, అమ్మ ఇచ్చిన మజ్జిగ చాలాసేపు తాగాడు.

శనివారం వచ్చింది. ఆ రోజు వాయించేది, రాజంపేట పెళ్ళిలో వాయించిన ఆయనేనని అత్త చెప్పిన పేరు పేపర్లో చూసి మస్తాన్ మామ కబురు పంపాడు. ముసలివాడైపోయాడంట, ఇక కచేరీలు చాలిస్తున్నాడంట. అత్త మధ్యాహ్నం నుంచే తల దువ్వమని అమ్మను అడిగింది. చీర మార్పించుకుంది. నన్ను పిలిచి, "ఆరున్నరకు పాపా. మీట కిందికి. మరిసిపోవు గదా?" అనింది. "ఎందుకు మరిసిపోతా అత్తా" అన్నాను. మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే ఈ పుటలు రాయనక్కర లేకపోయేది.

ఆరు గంటలకు పెద్దనాయన కూతురు మా అరుగెక్కింది. నా క్లాసే. రెండేళ్ళుగా బడిలో నన్ను చూసి మొహం తిప్పుకునేది. వీధిలోని ఇంకో నలుగురిని వెంటబెట్టుకొని వచ్చి, "మీ సెట్టు బాగా మోగుతాదంట గదా, ఫిడేలు మీ బాకాలో ఇందామని వచ్చినాం" అనింది. మా నాయన ఊళ్ళో లేడు. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. ఐదు నిమిషాలు పైకే ఉంచి తర్వాత తిప్పుదామనుకున్నాను. ఫిడేలు మొదలైంది. వాళ్ళు తల పైకెత్తి మిద్దె వైపు చూశారు. ఎదురింటి అరుగు మీద పెద్దమ్మ కూడా వచ్చి నిలబడింది. నేను సెట్టు దగ్గరికీ అరుగు మీదికీ నాలుగుసార్లు తిరిగి ఉంటాను, ఏదో సరిచేస్తున్నట్టు. ఇంకాస్త పెంచమని ఒకతె అంటే పెంచాను. నా జడ ముందుకు వేసుకున్నాను. ఇప్పటికీ ఆ పిల్లను తలుచుకుంటే చెంప పగలగొట్టాలనిపిస్తుంది, అది నేనే కాబట్టి ఊరుకుంటున్నాను. మా నాయన మూర్ఖుడు, ఆయనకు ఫిడేలుకూ రంపానికీ తేడా తెలియదు. నాకు తెలుసు. వెనక గదిలో తల దువ్వుకొని పడుకున్న మనిషి ఉందనీ తెలుసు. అరగంట అయింది. ఫిడేలు ఆగి ఎవరో వార్తలు చదవడం మొదలుపెట్టారు. అప్పుడు మీట కిందికి తిప్పాను.

ఆ తర్వాత అత్త పదకొండు నెలలు బతికింది. కుండలో ఆమె చాలా విన్నది. ధాన్యం ధరలు, వాన కబుర్లు, పాటలు, వేరేవాళ్ళ ఫిడేళ్ళు. ఆయన ఫిడేలు మళ్ళీ రాలేదు. మస్తాన్ మామ ప్రతి వారం పేపరు చూసేవాడు.

ఆ శనివారం సాయంత్రం నేను గదిలోకి పోయేసరికి కుండలోంచి వార్తలు వస్తున్నాయి, ఎంతో స్పష్టంగా. అత్త కళ్ళు తెరిచే ఉంది. ఏం చెప్పాలో దావలోనే అల్లుకొని పోయాను, మీట ఇరుక్కుపోయిందని. చెప్పనివ్వలేదు.

"బాకాలోనే పెట్టినావులే. ఈడికి గరగరా వచ్చింది" అనింది. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "పోనీలే. నువ్వైనా ఇన్న్యావు గదా. చెప్పు పాపా, పైకి పొయ్యినాక ఎట్ల దిగినాడు?"

నేను నోరు తెరిచాను. ఒక్క ముక్క కూడా గుర్తు లేదు. అరగంటసేపు ఆ బాకా కిందనే ఉన్నాను, ఎవరు నన్ను చూస్తున్నారో తప్ప ఇంకేదీ నా చెవికెక్కలేదు. "నేనూ ఇనలేదత్తా" అన్నాను.

 అత్తకు తుంటి కదలదు కాబట్టి తల మాత్రం గోడ వైపు తిప్పుకుంది.

"ఇంత మందిమి ఉండి, ఒక్కురం గూడా ఇనకపోతిమా" అనింది. "ఆయప్ప పాపం, ఎవురికి వాయించినట్ల?"